మేడ మీద గుట్ట కావాలంటే: తోటకు ఏ రాయి ఎంచుకోవాలి

తోటలో గుట్టో జలపాతమో కావాలని వచ్చేవాళ్లు కూర్చోగానే ఫోను తీసి బొమ్మ చూపిస్తారు. బొమ్మ చూడబోయే ముందు నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఆ గుట్ట కింద ఏముంటుంది? నేలా, సెల్లారు కప్పా, అయిదో అంతస్తు శ్లాబా? దీనికి జవాబు తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్లే. ఆ తర్వాత అడగాల్సింది రాయి వెనక ఏముంటుందని. కంటికి కనిపించే రంగు, గరుకు, పగుళ్లు అన్నిటికన్నా చివర వస్తాయి. అమ్మేవాళ్ల కేటలాగులో మాత్రం ఆ చివరిదే మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఉంటుంది.

పోయిన చలికాలంలో ఒకే వారంలో రెండు ఇళ్ల వాళ్లు వచ్చారు. హైదరాబాద్ మణికొండలో అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఉంటున్న దంపతులు తమ డాబా మీద ఎనిమిది అడుగుల జలపాతం, కింద చేపల కొలను కావాలన్నారు. గోపన్‌పల్లి వైపు ఇల్లు కట్టుకుంటున్న ఒక విశ్రాంత లెక్కల మాస్టారు ప్రహరీ వెంట ‘సహజంగా కనిపించే’ గుట్ట కావాలన్నారు. ఆయన స్థలంలో ఈశాన్యం మూల అప్పటికే ఒక బండ ఉంది. విచిత్రం ఏమిటంటే ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే కేటలాగు. ఇద్దరికీ అమ్మజూపిన సరుకు కూడా ఒకటే: కృత్రిమ రాయి చేసే గ్లాస్ ఫైబర్ కాంక్రీటు, వ్యాపార భాషలో జీఆర్‌సీ లేదా జీఎఫ్ఆర్‌సీ. ఒకరికి అది దాదాపు సరైనది. ఇంకొకరికి బొత్తిగా అనవసరం.

మన దగ్గర దొరికేవి స్థూలంగా నాలుగు. నిజమైన రాయి; ఇనుప చువ్వలు, జాలీ మీద సిమెంటు మెత్తి చెక్కే ఫెర్రోసిమెంటు; గాజు పీచు కలిపిన పల్చటి కాంక్రీటు పెంకు, అంటే జీఆర్‌సీ; గాజు పీచును రెసిన్‌తో, అంటే ప్లాస్టిక్ జిగురుతో అతికి చేసే ఎఫ్ఆర్‌పీ. థర్మకోల్ మీద సిమెంటు పూసి రంగు వేసిన అయిదో రకం కూడా ఉంది. పెళ్లి వేదికకు అది బాగుంటుంది. మూడు రోజుల్లో తీసేస్తారు కాబట్టి.

కింద ఏముంది

ముందు బరువులు చూద్దాం. ఒక మీటరు అడ్డుకొలత ఉన్న గుండ్రటి గ్రానైటు గుండు సుమారు 1,400 కిలోలు తూగుతుంది. ఒకటిన్నర మీటరు గుండు చూపుకు కొంచెమే పెద్దది, తూకానికి మాత్రం 4,700 కిలోలు. ఫోనులో బొమ్మ చూసి ‘ఇంకొంచెం పెద్దది వేయించండి’ అనేవాళ్లకు ఈ రెండు అంకెలూ చెబితే చాలు. అదే మీటరు గుండును 12 మిల్లీమీటర్ల జీఆర్‌సీ పెంకుగా చేస్తే, అడుగు తెరిచి ఉంటుంది కాబట్టి 60, 70 కిలోలు వస్తుంది. లోపలి ఇనుప చట్రాన్ని కలుపుకున్నా ఇద్దరు ముగ్గురు మోసుకుపోగలరు.

గోడలా నిలబడే రాతి ముఖానికి చదరపు మీటరు లెక్క వేసుకోవాలి. 12 నుంచి 15 మిల్లీమీటర్ల జీఆర్‌సీ పెంకు 24 నుంచి 30 కిలోలు. ఫెర్రోసిమెంటులో అసలు పొర, దాని మీద చెక్కడానికి వేసే పూత కలిపి 50 నుంచి 75 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే 120 నుంచి 180 కిలోలు. ఎఫ్ఆర్‌పీ పది కిలోలు కూడా ఉండదు.

ఇప్పుడు శ్లాబు సంగతి. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెప్పే చర భారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోలు. మీరు, మీ ఉయ్యాల, పుట్టినరోజుకు వచ్చిన చుట్టాలు, పూలకుండీలు అందరూ కలిసి పంచుకోవాల్సిన వాటా అది. ఫెర్రోసిమెంటు గుట్ట ఒక్కటే ఆ వాటాను తినేస్తుంది. జీఆర్‌సీ అయితే కొంత మిగులుతుంది. మణికొండ దంపతులకు కేటలాగు ఇచ్చిన మనిషి ఇక్కడి దాకా సరిగ్గానే చెప్పాడు.

అతను చెప్పనిది నీళ్ల సంగతి. అడుగు లోతు నీళ్లు చదరపు మీటరుకు 300 కిలోలు. రాయిని ఎంత తేలికగా చేసినా నీళ్లను తేలిక చేసే పరిశ్రమ ఇంకా పుట్టలేదు. కాబట్టి డాబా మీద చేపల కొలను అన్నప్పుడు రాయి దేనితో చేయాలనే చర్చ పక్కన పెట్టి, ఆ భవనం డిజైను కాగితాలు పట్టుకుని స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్లాలి. ‘మా మేస్త్రీ చూశాడు, ఏమీ కాదన్నాడు’ అనేది కాగితం కిందికి రాదు. తడిసిన మట్టి కూడా నీళ్ల కన్నా బరువైనదే. గుట్ట పక్కన మొక్కల కోసం పోసే మట్టిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

డాబా మీద బరువుతో పాటు గాలి కూడా ఉంది. హైదరాబాద్‌కు ప్రమాణాల్లో ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. డొల్ల రాయి తేలికగా ఉండటం ఇక్కడ లోపమవుతుంది. వేసవి చివర ఈదురుగాలి వాన వచ్చే సాయంత్రం పిట్టగోడ పక్కన నిలబడ్డవాళ్లకు ఆ తోపు ఎంతో తెలుసు. చట్రాన్ని శ్లాబుకు బోల్టులతో బిగించాలంటే శ్లాబు మీది వాటర్‌ప్రూఫింగ్‌కు రంధ్రం పడుతుంది. ముందుగా చిన్న కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటిని కలుపుకుని వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఆ దిమ్మెలకు చట్రం బిగించడం మేలు. రాళ్లు పెట్టేశాక కింది ఇంట్లో చెమ్మ కనిపిస్తే వెతకడానికి గుట్టంతా విప్పాలి.

కింద నేల ఉంటే ఈ బాధలన్నీ పోతాయి. అప్పుడు నా మొదటి ఓటు నిజమైన రాయికే. ఊరి చుట్టూ ఇళ్ల కోసం తవ్వే ప్రతి పునాదిలోనూ గుండ్లు బయటపడుతున్నాయి. రాయి ధర కన్నా లారీ కిరాయి, హైడ్రా కిరాయి ఎక్కువవుతాయి. (హైడ్రా అంటే ఇక్కడ క్రేను. చెరువుల ఆక్రమణలు కూల్చడానికి 2024లో వచ్చిన సంస్థ పేరు కూడా అదే కావడంతో ఈ మధ్య ‘రేపు ఉదయం హైడ్రా వస్తుంది’ అని ఫోనులో చెబితే అవతలివాళ్లు ఒక్క క్షణం మౌనంగా ఉండిపోతున్నారు.) అడ్డంకి ఒక్కటే, దారి. క్రేను చేయి చాచడానికి పైన కరెంటు తీగలు, పక్కన ప్రహరీ అడ్డు రాకూడదు. అందుకే రాళ్లు ముందు దింపించి ప్రహరీ తర్వాత కట్టుకోవాలి. చాలామంది ఇల్లంతా పూర్తయ్యాక తోట గురించి ఆలోచిస్తారు. అప్పటికి నిజమైన రాయి లోపలికి వెళ్లే దారి ఉండదు, ఇక జీఆర్‌సీ కేటలాగు తెరవాల్సిందే.

వెనక ఏముంది

గాజు పీచును సిమెంటులో కలపడం అంత తేలికైన పని కాదు. సిమెంటు లోపలి తేమకు క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది. మామూలు గాజు పీచు అందులో నెలలు గడిచేకొద్దీ కరిగి బలం కోల్పోతుంది. ఈ చిక్కును 1960ల చివర బ్రిటన్ ప్రభుత్వ భవన పరిశోధన కేంద్రంలో ఎ.జె. మజుందార్ బృందం విప్పింది. గాజులో జిర్కోనియా కలిపితే క్షారాన్ని తట్టుకుంటుందని తేల్చింది. 1971లో పిల్కింగ్టన్ కంపెనీ ఆ పీచును సెమ్‌ఫిల్ పేరుతో బజారులోకి తెచ్చింది. నేటి జీఆర్‌సీ అంతా ఆ గాజు మీద నిలబడిందే.

ఈ చరిత్ర చెప్పడానికి కారణముంది. ఎఫ్ఆర్‌పీ పనులకు వాడే మామూలు గాజు పీచు చవక, ప్రతిచోటా దొరుకుతుంది. దాన్ని సిమెంటులో కలిపి జీఆర్‌సీ అని అమ్మితే కొత్తలో ఏ తేడా తెలియదు. అచ్చులోంచి తీసినప్పుడు అదే బలం, అదే అందం. రెండు మూడు వానాకాలాలు పోయాక పెంకు బిస్కెట్టులా పెళుసుబారుతుంది. కాబట్టి తయారీ షెడ్డుకు వెళ్లి పీచు సంచి మీద చదవండి. క్షారాన్ని తట్టుకునే రకం అని ఉండాలి, జిర్కోనియా 16 శాతానికి తగ్గకూడదు. సంచి చూపించడానికి తటపటాయించే చోట బయానా ఇవ్వకండి.

షెడ్డులో ఇంకో రెండు సంగతులు గమనించవచ్చు. మంచి పనిలో పీచును సిమెంటు ముద్దతో పాటు గన్నుతో అచ్చులోకి చిమ్ముతారు, పొరపొరకూ రోలరు తిప్పి గాలి వెళ్లగొడతారు. దీంట్లో పీచు మొత్తం బరువులో 5 శాతం దాకా పడుతుంది, పోగులన్నీ పెంకు వాలు వెంట పరుచుకుంటాయి కాబట్టి వంపుకు బలం ఎక్కువ. పీచును మిక్సరులోనే కలిపి పోసే పద్ధతిలో 2, 3 శాతానికి మించి కలపలేరు. చిన్న గుండ్లకు అది చాలు, పెద్ద పలకలకు చాలదు. రెండోది క్యూరింగ్. పల్చటి పెంకు నుంచి ఏప్రిల్ ఎండ నీటిని గంటల్లో పీల్చేస్తుంది. మిశ్రమంలో యాక్రిలిక్ పాలిమర్ సరిపడా కలిపితే ఆ నీటిని అది లోపలే పట్టి ఉంచుతుంది. అది లేకుండా చేస్తే వారం రోజులు తడిగా ఉంచాలి. పాలిమరూ లేక, నీళ్లూ పట్టక ఎండలో ఆరబెట్టిన పలకలు షెడ్డు బయట వరసగా కనిపిస్తే మర్యాదగా టీ తాగి వచ్చేయండి.

నమూనా ముక్క అడిగి తీసుకుని సుత్తితో పగలగొట్టి చూడటం నా అలవాటు. విరిగిన అంచు అంతటా పోగులు సమంగా కనిపించాలి. ఒకచోట కుచ్చులా గుమిగూడి, మరోచోట ఉత్త సిమెంటు ఉంటే పని బాగా చేయలేదని అర్థం. మందం కూడా అక్కడే కొలవండి. వంపుల దగ్గర, అంచుల దగ్గర 6, 7 మిల్లీమీటర్లకు జారిపోతుంటుంది. బీటలు మొదలయ్యేది అక్కడే.

పెంకు తర్వాత చట్రం. జీఆర్‌సీ చెమ్మకు, ఎండకు కొద్దికొద్దిగా సాగుతుంది, కుంచించుకుంటుంది. దాన్ని చట్రానికి గట్టిగా బిగిస్తే ఆ కదలికకు దారి లేక పగులుతుంది. అందుకే కొంచెం వంగగల సన్నటి చువ్వ కొక్కేల ద్వారా కలపాలి. ఒక కొస చట్రానికి, రెండో కొస పెంకు వెనక వేసిన జీఆర్‌సీ మెత్తలో. బిగుతుగా ఉంటేనే గట్టిదనం అనుకునే వెల్డరుకు ఇది ఒక పట్టాన నచ్చదు. చట్రానికి మామూలు ఎర్ర ప్రైమరు కాకుండా వేడి జింకు పూత (గాల్వనైజింగ్) ఉండాలి. వెనక వైపు చీకటి, తడి, గాలి ఆడని చోటు; తుప్పు పట్టినా ఎవరికీ కనిపించదు. జలపాతం పక్కన అయితే ఈ ఖర్చు దగ్గర బేరమాడకండి.

డొల్ల వెనక కాపురం ఉండేవాళ్ల గురించి కూడా ఒక మాట. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు లేకపోతే వానాకాలంలో ప్రతి గుండూ ఒక దోమల తొట్టి. ఉంటే, వాటికి సన్న జాలీ లేకపోతే ఎలుకలు, వాటి వెనకే వచ్చేవి.

ఫెర్రోసిమెంటు వెనక భాగం సరళంగా ఉంటుంది. చువ్వలు, వెల్డ్ మెష్, చికెన్ మెష్, వాటిని ముంచేసిన సిమెంటు. 1848లో ఫ్రాన్స్‌లో లాంబో అనే ఆయన ఈ పద్ధతిలో పడవ చేసి తన కొలనులో తిప్పుకున్నాడు. పడవకు పనికొచ్చింది కాబట్టి నీళ్లకు భయపడదు, బాగా చేస్తే. ‘బాగా చేస్తే’ అన్న చోటే చిక్కంతా ఉంది. జాలీ మీద సిమెంటు కప్పు పల్చబడిన చోట తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. కానీ ఆ పెచ్చును బాగు చేయడానికి మామూలు తాపీ మేస్త్రీ చాలు. జీఆర్‌సీ పగిలితే చేసిన షెడ్డు ఉందో మూసేశారో చూసుకోవాలి. పిల్లలు ఎక్కి దూకే అపార్ట్‌మెంటు ఆటస్థలంలో, రిసార్టులో గుహలాంటి దానికి, నేల మీద పెద్ద జలపాతానికి నేను ఫెర్రోసిమెంటునే సూచిస్తాను. జీఆర్‌సీ గుండు మీద ఎవరైనా ఎక్కబోతున్నారంటే ఆ సంగతి తయారీకి ముందే చెప్పాలి. చెప్పకపోతే పెంకును కేవలం నిలబడే బరువుకే చేస్తారు.

ఎఫ్ఆర్‌పీ గురించి ఎక్కువ చెప్పను. పదేళ్ల కిందట ఒక ఇంటి ముంగిట పడమటి ఎండలో మూడు ఎఫ్ఆర్‌పీ గుండ్లు పెట్టించిన తెలివైన మనిషిని నేనే. మూడో వేసవికి అవి ఉడకబెట్టిన బంగాళాదుంప రంగుకు వచ్చాయి, గీరితే పొట్టు రాలింది. వాన చినుకు పడితే డబ్బా మీద పడ్డట్టు చప్పుడు. సంపు మూత, బోరు కేసింగు, మోటారు స్టార్టరు దాచడానికి మాత్రం దాన్ని మించింది లేదు. ఒంటి చేత్తో ఎత్తి పక్కన పెట్టవచ్చు.

నీళ్లు పారితే

జలపాతం కోరేవాళ్లకు నా గట్టి సలహా: జీఆర్‌సీ నీటిని ఆపుతుందని అనుకోకండి. అది చర్మం మాత్రమే. నీరు పారే దారి వెనక, కొలను అడుగున వేరే పొర ఉండాలి. ఈపీడీఎం అనే రబ్బరు షీటో, వాటర్‌ప్రూఫింగ్ చేసిన కాంక్రీటు తొట్టో. పలకల మధ్య అతుకులు ఎంత అందంగా దాచినా ఏదో ఒక వానాకాలం తర్వాత వెంట్రుకవాసి బీట పడుతుంది. వెనక పొర ఉంటే అది ఉత్త గీత. లేకపోతే రోజుకు రెండు బకెట్ల నీళ్లు ఎటు పోతున్నాయో తెలియని కథ.

ఇక బోరు నీళ్లు. మన నగరంలో చాలాచోట్ల అవి గట్టి నీళ్లు; గీజరు కాయిలు చూసినవాళ్లకు వివరించనక్కర లేదు. జలపాతంలో తిరిగిన నీరే తిరుగుతూ ఆవిరవుతుంటే ఉప్పులు చిక్కబడతాయి. నీరు పారే దారిలో తెల్లటి పొర కడుతుంది. బూడిద రంగు రాయి మీద సున్నం కారినట్టు కనిపిస్తుంది, ముదురు రంగు మీద మరీ ఎక్కువగా. నిజమైన గ్రానైటు మీద కూడా కడుతుంది కానీ దాన్ని గీకేయవచ్చు. రంగు పూసిన జీఆర్‌సీని గీకితే రంగు కూడా వస్తుంది. అందుకే నీరు తగిలే పలకలకు పైపూత రంగు వద్దు, ముద్దలోనే ఐరన్ ఆక్సైడు రంగు కలపమనండి. కొలనులో తగ్గిన నీటిని వాననీటితోనో నల్లా నీటితోనో నింపడం అలవాటు చేసుకోండి.

చేపలు వేయాలనుకుంటే తొందర పడకూడదు. జీఆర్‌సీ అయినా ఫెర్రోసిమెంటు అయినా కొత్త సిమెంటు నీటిలోకి సున్నాన్ని వదులుతుంది. నింపి, కొన్నాళ్లు ఉంచి, తోడేసి, మళ్లీ నింపి, పీహెచ్ 8.5 లోపుకు దిగి నిలిచేదాకా ఆగాలి. పరీక్ష పట్టీలు అక్వేరియం దుకాణంలో దొరుకుతాయి.

మోటారు ఎంపికలో అందరూ తక్కువ అంచనా వేస్తారు. నీరు పరదాలా పడాలంటే పడే అంచు వెడల్పులో ప్రతి సెంటీమీటరుకూ గంటకు 150 లీటర్లు కావాలని వాడుకలో ఉన్న లెక్క. 30 సెంటీమీటర్ల అంచుకు గంటకు 4,500 లీటర్లు, అదీ నీరు ఎక్కాల్సిన ఎత్తు దగ్గర. డబ్బా మీద రాసిన అంకె సున్నా ఎత్తుకు సంబంధించినది. మోటారు ఉన్న చోట రాయికి ఒక తలుపు ఉండాలన్నది కూడా బొమ్మలో కనిపించదు.

ముందు ఏం కనిపించాలి

ఇప్పుడు కేటలాగు తెరుద్దాం. తెరవగానే నాకు చిరాకు వస్తుంది. అచ్చులు చాలావరకు ఇసుకరాతి కొండల నుంచి తీసినవి. అడ్డంగా పొరలు పొరలుగా, అట్ల దొంతరలా పేర్చినట్టు ఉంటాయి. లేదంటే నిటారుగా మొనదేలిన శిఖరాలు. మరో ఊళ్లో వాటికి వంక పెట్టే వీలుండదు. కానీ ఇది హైదరాబాద్. ప్రహరీ అవతల అసలు సరుకు నిలబడి ఉంటుంది, పోల్చి చూడటానికి.

మన రాయి గ్రానైటు, వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. దానికి పొరలుండవు. నిలువుగా, అడ్డంగా దాదాపు లంబకోణంలో పగుళ్లు ఉంటాయి. మట్టి కింద ఉన్నప్పుడే ఆ పగుళ్లలోకి నీరు దిగి, ముందుగా మూలల్ని తినేసి, దిమ్మెలను గుండ్లుగా మార్చింది. తర్వాత మట్టి కొట్టుకుపోయి గుండు మీద గుండు పేర్చినట్టు మిగిలాయి. పైన ఉల్లిపొరలా పెచ్చు లేస్తుంది. వాననీరు జారే దారిలో నల్లటి చారలు. రంగు బూడిద, కొన్నిచోట్ల గులాబీ. దగ్గరగా చూస్తే పలుకులు పలుకులుగా ఉంటుంది.

మా దగ్గర పనిచేసే వడ్డెర మేస్త్రీ ఒకాయన జీఆర్‌సీ గుట్టను చూసి నెమ్మదిగా అన్న మాట: “అమ్మా, ఈ పగులు మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయింది. రాయి అట్లా పగలదు.” ఆయన చేయి రాయిని చీల్చడానికి ముందు దాని వాలు చూసే చేయి. అప్పటి నుంచి రంగు కన్నా ముందు పగుళ్లు చూస్తున్నాను. పగులు ఒక అంచు నుంచి బయలుదేరి ఇంకో అంచుకు చేరాలి; పక్క గుండులో కూడా అదే వరసలో కొనసాగాలి. పలకల అతుకులను ఆ పగుళ్ల వెంటే పెడితే అతుకు దాచే పని తప్పుతుంది.

నమూనా కోసం ఫోను వద్దు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని పుట్టగొడుగు రాయి, ఖాజాగూడ గుట్టలు, దుర్గం చెరువు ఒడ్డు, కేబీఆర్ పార్కు కాలిబాట పక్కన గుండ్లు చూడండి. రాళ్లను కాపాడటానికి 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ల రాతి నడకలకు ఒకసారి మీ తయారీదారుణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. పని పెద్దదైతే, నిజమైన గుండు మీద రబ్బరు పూసి దాని అచ్చే తీయించవచ్చు. జీఆర్‌సీకి ఉన్న అసలైన గొప్పతనం ఇదే; వేలిముద్ర దిగినట్టు పలుకుతో సహా దిగుతుంది. ఫెర్రోసిమెంటులో అంతా చెక్కేవాడి కంటి మీద, చేతి మీద ఆధారపడుతుంది. మంచి చేయి దొరికితే జీఆర్‌సీని మించిపోతుంది, దొరకకపోతే పుట్టలా తయారవుతుంది.

ఒకే అచ్చును పక్కపక్కన రెండుసార్లు వాడితే ఎవరూ చెప్పకుండానే కన్ను పట్టేస్తుంది. తిప్పి, తలకిందులు చేసి వాడమనండి. మొక్కల్లో మన గుట్టల మీద తమంతట తాము పెరిగేవి పెట్టండి: సీతాఫలం, మోదుగ, జెముడు. కృత్రిమ రాయిని నిజమనిపించే పని రంగు కన్నా ఒక సీతాఫలం చెట్టు బాగా చేస్తుంది. పడమటి ముఖానికి ఆనుకుని లేత మొక్కలు మాత్రం వద్దు, మే నెలలో ఆ వేడికి కమిలిపోతాయి.

డబ్బు లెక్క

ధరలు ఇక్కడ రాయను. సిమెంటు, రెసిన్, కూలి రేట్లతో పాటు మారిపోతాయి. కొలత గురించి మాత్రం చెప్పాలి. ఒకరు చదరపు అడుగుకు తక్కువ చెప్పి, ఇంకొకరు ఎక్కువ చెబితే ముందుగా ఏ చదరపు అడుగో అడగండి. ఎదురుగా నిలబడి చూసే ముఖం కొలతా, వంపులన్నీ పరిచి కొలిచిన ఉపరితలమా? ఎత్తుపల్లాలున్న రాతి ముఖానికి రెండోది మొదటిదానికి ఒకటిన్నర రెట్లు దాకా వెళ్తుంది. తక్కువ రేటు చెప్పినవాడి బిల్లే చివరికి పెద్దది కావడం ఇక్కడే జరుగుతుంది. చట్రం, దిమ్మెలు, రవాణా, అతుకుల రంగు అందులో ఉన్నాయా లేవా అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

కొత్త అచ్చు ఖర్చు జీఆర్‌సీలో పెద్దది. రెండు గుండ్ల కోసం అచ్చు తీయించడం దండగ. ఇరవై పలకలకైతే పంచుకుపోతుంది. చిన్న పనికి తయారీదారు దగ్గర ఉన్న అచ్చుల్లో గుండ్రటివి ఏరుకోవడమే దారి. పని ముగిశాక వాడిన రంగు పొడిలో ఒక కిలో, ఒక విడి ముక్క అడిగి దాచుకోండి. అయిదేళ్ల తర్వాత చిన్న పెచ్చు లేచినప్పుడు ఆ రంగును కలపడం చేసినవాళ్లకే కుదరదు.

మణికొండ దంపతుల ఇంజనీరు కొలనుకు ఒప్పుకోలేదు. పిట్టగోడ కింద దూలం ఉన్న వైపు సన్నటి తొట్టి పెట్టి, దాని మీద గులకరాళ్లు పరిచి, నీరు వాటిలోకి మాయమయ్యేలా చేశాం. రాతి ముఖం జీఆర్‌సీ, ఎత్తు ఎనిమిది నుంచి అయిదున్నర అడుగులకు దిగింది. చేపలు హాల్లోని గాజు తొట్టెలో ఉన్నాయి. పెంకుకూ పిట్టగోడకూ మధ్య వదిలిన ఖాళీలో నింపిన సీలెంటు మొదటి వేసవి ఎలా తట్టుకుంటుందో జూన్‌లో వెళ్లి చూడాలి.

లెక్కల మాస్టారికి నేను ఏమీ అమ్మలేదు. సెల్లారు ప్లానును ఆరు అడుగులు పడమటికి జరిపితే ఈశాన్యం బండ మిగులుతుందని ఆయన ఆర్కిటెక్టే గీసి చూపించారు. పునాదిలో వచ్చిన మూడు గుండ్లను ప్రహరీ కట్టకముందే దింపించి, మూడో వంతు మట్టిలో పూడ్పించాం. పూడ్చకపోతే నిజమైన రాయి కూడా ఎవరో తెచ్చి పెట్టినట్టే ఉంటుంది. ఆయన కొన్నది ఒక్కటే కృత్రిమ రాయి, సంపు మూత మీదికి. మనవడు మొదటి రోజే దాన్ని ఒంటి చేత్తో ఎత్తి వీధిలో పిల్లలకు చూపించాడట.